స్వీడన్ పాప్ బృందం అబ్బా (ABBA) ఆఖరి రోజుల ఆల్బమ్ 'ద విజిటర్స్' నాకు ఎక్కడం లేదు. దాన్ని ఎలా వినాలి?

'డ్యాన్సింగ్ క్వీన్', 'మమ్మా మియా' అంటే ప్రాణమని, అదే ఊపులో 1981 నాటి 'ద విజిటర్స్' పెడితే నాలుగో పాటకే ఆపేశారని, తెలిసినవాళ్లంతా దీన్ని ఎందుకు మెచ్చుకుంటారో అంతుపట్టలేదని రాశారు. మీ చెవిలో లోపం ఏమీ లేదు. ఆ పాత హిట్లకు అలవాటుపడిన చెవి దేనికోసం వెతుకుతుందో, సరిగ్గా దాన్నే ఈ ఆల్బమ్‌లో చాలామటుకు తీసి పక్కన పెట్టారు.

అబ్బాలో ఉన్నది రెండు జంటలు: పాడే అగ్నెతా, ఫ్రీదా, పాటలు కట్టే వాళ్ల భర్తలు బ్యోర్న్, బెన్నీ. అబ్బా అనగానే గుర్తొచ్చే ధ్వని ఆ ఇద్దరు గాయనుల గొంతులు కలిస్తే వచ్చే ధ్వని. అగ్నెతాది పైస్థాయిలో మెరిసే గొంతు. ఫ్రీదాది కాస్త కిందుగా, నిండుగా ఉండే గొంతు. ఇద్దరూ కలిసి పాడితే ఎవరిదీ కాని మూడో గొంతు ఒకటి పుడుతుంది. సౌండ్ ఇంజనీరు మైకెల్ ట్రేటోవ్ ఆ గొంతుల్ని, వాయిద్యాల్ని మళ్లీ మళ్లీ రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. 1973లో 'రింగ్ రింగ్' పాట చేసినప్పుడే, రెండో వరస రికార్డు చేసేటప్పుడు టేపు వేగాన్ని రవ్వంత మార్చే పద్ధతి పట్టారు. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వచ్చి, పాట మొత్తం చిక్కబడేది. 'డ్యాన్సింగ్ క్వీన్' మొదలవగానే ఒళ్లంతా తాకినట్టు ఉండడానికి కారణం ఈ చిక్కదనమే.

'ద విజిటర్స్'లో ఆ జంటగొంతు విడిపోయింది. తొమ్మిది పాటల్లో నాలుగు ఫ్రీదా మోస్తుంది, నాలుగు అగ్నెతా మోస్తుంది, ఒకటి బ్యోర్న్ పాడతాడు. రెండో గొంతు ఎక్కువగా పల్లవి దగ్గరే వచ్చి చేరుతుంది. అందుకే మొదటిసారి వినేటప్పుడు ట్యూన్ ఎంత బాగుందో లెక్క చూడకండి. ఇప్పుడు పాడుతున్నది ఎవరు, రెండో గొంతు ఎక్కడ కలిసింది, ఎక్కడ తప్పుకుంది, ఇదొక్కటే పట్టుకుని వినండి. మిగతాదంతా ఈ దారం వెంటే వస్తుంది.

గొంతులు విడిపోవడానికి బయటి కారణం అందరికీ తెలిసిందే. అగ్నెతా, బ్యోర్న్ విడిపోయిన సంగతి 1979 జనవరిలో బయటికొచ్చింది. ఫ్రీదా, బెన్నీ విడిపోతున్నట్టు 1981 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ మరుసటి నెలలోనే స్టాక్‌హోమ్‌లోని పోలార్ స్టూడియోలో ఈ ఆల్బమ్ పని మొదలైంది. మొదట రికార్డు చేసినవాటిలో 'వెన్ ఆల్ ఈజ్ సెడ్ అండ్ డన్' ఒకటి. నడివయసులో విడిపోతున్న జంట ఒకరినొకరు నిందించుకోకుండా చివరిసారి గ్లాసులెత్తి సెలవు తీసుకునే పాట. సాహిత్యం బ్యోర్న్ రాశాడు, ట్యూన్ కట్టినవాళ్లలో బెన్నీ ఉన్నాడు, పాడింది ఫ్రీదా. అంటే తన కాపురం ముగిసిన సంగతిని, ఆ భర్తే కట్టిన వరసలో, అతని ఎదుటే పాడాలి. ఆమె ఎక్కడా గొంతు వణికించదు. కింద బేస్ గిటారు ఆగకుండా కొడుతుంటుంది, పైన ఆమె తలెత్తుకుని పాడుతుంటుంది. ఏడుపు కోసం చూస్తే దొరకదు, ఆ నిబ్బరమే వినాల్సింది. అమెరికాలో టాప్ 40లోకి వెళ్లిన అబ్బా పాటల్లో 1980లలో ఇదే చివరిది, 27వ స్థానం దాకా వెళ్లింది.

అయితే ఈ ఆల్బమ్‌ను విడాకుల ఆల్బమ్ అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు ఒప్పుదల లేదు. మొదటి పాట, అంటే టైటిల్ పాట, దీనికి సంబంధమే లేని భయం గురించి. బ్యోర్న్ తర్వాతి కాలంలో చెప్పినదాని ప్రకారం అది సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని ధిక్కరించినవాళ్ల పాట. ఒక స్త్రీ గదిలో కదలకుండా కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆ గదిలో స్నేహితులు రహస్యంగా కలిసి గుసగుసగా మాట్లాడుకునేవారు. ఇప్పుడు బయట కాలింగ్ బెల్ మోగుతోంది. వచ్చింది ఎవరో ఆమెకు తెలుసు. టైటిల్‌లోని 'అతిథులు' వాళ్లే.

చాలామంది జారిపోయేది ఈ పాట దగ్గరే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మొదట సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) మీద సితారును తలపించే ధ్వని సాగుతుంది. చరణాల్లో ఫ్రీదా గొంతును యంత్రాలతో మార్చి, గోడ అవతలి నుంచి వస్తున్నట్టు చేశారు. తర్వాత పల్లవి ఒక్కసారిగా డిస్కో వేగంతో విరుచుకుపడుతుంది. అలవాటు కొద్దీ మన కాలు ఆడుతుంది, హమ్మయ్య పాత అబ్బా వచ్చింది అనుకుంటాం. అక్కడ మాటలు చెబుతున్నది ఆమెకు మతి చెదిరిపోతోందని. ఆ ఉత్సాహం ఆమె గుండె దడ. చరణంలో ఊపిరి బిగబట్టడం, పల్లవిలో అది తెగిపోవడం, ఈ రెంటి మధ్య తేడాను గమనిస్తే పాట ఒకేసారి అర్థమవుతుంది. ఇంగ్లిష్ పాట చెవికి పూర్తిగా అందకపోతే ముందు సాహిత్యం ఒకసారి చదివి అప్పుడు వినండి. ఈ ఒక్క పాటకు అది తప్పనిసరి, మిగతావాటికి అంత అవసరం లేదు.

ఆ రోజుల గాలి ఎలా ఉండేదో కూడా గుర్తుంచుకోవాలి. 1981 అక్టోబరు 27న ఒక సోవియట్ జలాంతర్గామి స్వీడన్ జలాల్లోకి చొరబడి, కార్ల్స్‌క్రోనా నౌకాస్థావరం దగ్గర రాళ్లకు తగులుకుపోయింది. ఆల్బమ్ నవంబరు 30న వచ్చింది. డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక పాలన విధించారు. పాటలు ఈ ఘటనలకు ముందే రాసినవైనా, విన్నవాళ్లు విన్నది ఈ వాతావరణంలోనే. 'సోల్జర్స్' పాటలో కవాతును తలపించే డ్రమ్ము, దాని మీద అగ్నెతా తేటగొంతు వినేటప్పుడు ఇది మనసులో ఉంటే చాలు.

ధ్వని చల్లగా, పొడిగా ఎందుకుందన్నది ఇంకో సంగతి. పోలార్ స్టూడియోకు ఈ ఆల్బమ్ మధ్యలో 3ఎమ్ కంపెనీవాళ్ల 32 ట్రాకుల డిజిటల్ యంత్రం వచ్చింది. మామూలు టేపులో ఎప్పుడూ సన్నగా ఒక 'స్స్' చప్పుడు ఉంటుంది, గట్టి శబ్దాల అంచుల్ని టేపు కొద్దిగా మెత్తబరుస్తుంది. డిజిటల్‌లో ఆ రెండూ లేవు. మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం నిజంగానే నిశ్శబ్దం. ఈ చలిదనం ఈ పాటలకు నప్పిందని నా అభిప్రాయం. 'డ్యాన్సింగ్ క్వీన్'ను ఇలా రికార్డు చేసి ఉంటే పాడైపోయేది. 1982 ఆగస్టు 17న జర్మనీలో హానోవర్ దగ్గరి లాంగెన్‌హాగెన్ ఫ్యాక్టరీలో అచ్చయిన తొలి పాప్ సీడీలు ఈ ఆల్బమ్ ప్రతులే.

ఇక వినే పద్ధతి. తొలిసారే తొమ్మిదీ వరసగా వినకండి. ముందు 'వన్ ఆఫ్ అస్' వినండి. పాత అబ్బాకు, కొత్త అబ్బాకు మధ్య వంతెన ఇదే. మాండొలిన్ ఉంది, జమైకా రెగ్గే సంగీతపు నడక లాంటి బేస్ ఉంది, నోటికొచ్చే పల్లవి ఉంది. బ్రిటన్‌లో 3వ స్థానానికి వెళ్లింది కూడా. కానీ కథ మాత్రం తానే తెంచుకుని వెళ్లిపోయి, ఇప్పుడు ఒంటరిగా పడుకుని పశ్చాత్తాపపడే ఆడమనిషిది. దీని తర్వాత 'వెన్ ఆల్ ఈజ్ సెడ్ అండ్ డన్', ఆ తర్వాత 'స్లిపింగ్ త్రూ మై ఫింగర్స్'. ఈ మూడూ రెండు మూడు రోజులు చెవిలో ఆడనిచ్చి, అప్పుడు మొదటి పాట నుంచి చివరిదాకా ఒకే ఊపున వినండి. మొత్తం 38 నిమిషాల లోపే.

'స్లిపింగ్ త్రూ మై ఫింగర్స్' గురించి ఒక హెచ్చరిక. 2008లో వచ్చిన 'మమ్మా మియా' సినిమాలో తల్లి పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తూ ఈ పాట పాడుతుంది. అది చూసి మనవాళ్లు దీన్ని అప్పగింతల పాటగా గుర్తుపెట్టుకుంటారు. అసలు పాటలో ఉన్నది బడికెళ్లే చిన్నపిల్ల. పొద్దున్నే పుస్తకాల సంచీ తగిలించుకుని చెయ్యూపి వెళ్లిపోతుంది. తల్లి ఇంకా నిద్రమత్తులో ఉంది. పిల్లతో వెళ్దామనుకున్న చోట్లకు ఎందుకు వెళ్లలేదో తనకే తెలియదు. బ్యోర్న్, అగ్నెతాల కూతురు బడికి వెళ్లడం చూసి బ్యోర్న్ రాశాడు, ఆ పిల్ల తల్లే పాడింది. సినిమా బొమ్మను మనసులోంచి తీసేసి విన్నప్పుడు ఇందులోని నొప్పి ఇంకా దగ్గరగా తగులుతుంది. పెళ్లి ఒక్క రోజు జరిగేది, బడికి వెళ్లడం రోజూ జరిగేది.

జరిగే పొరపాట్లలో మొదటిది షఫుల్, అంటే పాటల వరసను కలగలిపేసే సెట్టింగు. దాన్ని, ఒక పాటలోకి ఇంకో పాటను కలిపే క్రాస్‌ఫేడ్‌ను, బేస్ పెంచే ఈక్వలైజర్‌ను ఆపేయండి. రెండోది ఎడిషన్. స్ట్రీమింగ్‌లో ఎక్కువగా దొరికేవాటిలో తొమ్మిదో పాట తర్వాత బోనస్ పాటలు తగిలించి ఉంటాయి. ఆ పాటలు మంచివే, కానీ చివరి పాట తర్వాత వెంటనే ఇంకోటి మొదలైతే ఆల్బమ్ ముగింపు చెడిపోతుంది. తొమ్మిదికే ప్లేలిస్టు చేసుకుంటే ఇంకో చిక్కు ఉంది. స్పాటిఫైలో ఆడియో నార్మలైజేషన్ (శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉంటే, ఆల్బమ్‌గా విన్నప్పుడు పాటల మధ్య హెచ్చుతగ్గులు అలాగే ఉంచుతుంది. ప్లేలిస్టులో విన్నప్పుడు మాత్రం ఒక్కో పాటను విడిగా సరిచేస్తుంది. మెల్లగా ఉండాల్సిన చివరి పాట శబ్దం పెరిగిపోతుంది. కాబట్టి సెట్టింగుల్లో దాన్ని ఆఫ్ చేయండి, లేదా ఆల్బమ్ పేజీ నుంచే విని తొమ్మిదో పాట దగ్గర ఆపండి.

ఎల్‌పీ (వినైల్ రికార్డు) కొనేవాళ్లకు: మొదటి వైపు 'సోల్జర్స్'తో ముగుస్తుంది, రెండో వైపు 'ఐ లెట్ ద మ్యూజిక్ స్పీక్'తో మొదలవుతుంది. ఫోన్‌లో వింటున్నా అక్కడ ఒక నిమిషం ఆగితే మంచిది. పాత ఎల్‌పీ బేరమాడేటప్పుడు తప్పకుండా రెండో వైపు చివరి పాట వేయించి చూడండి. అది లేబుల్ పక్కన, లోపలి గాడుల్లో ఉంటుంది. అక్కడ సూది కింద గాడి నడిచే వేగం తక్కువ కాబట్టి ధ్వని త్వరగా చెడుతుంది. పైగా అంత మెల్లని పాటలో ప్రతి గీత చప్పుడూ వినబడుతుంది. అది శుభ్రంగా ఉంటే మిగతా రికార్డు దాదాపు బాగున్నట్టే.

అన్ని పాటలూ గొప్పవని చెప్పను. 'హెడ్ ఓవర్ హీల్స్' హుషారైన పాటే, కానీ రెండు బరువైన పాటల మధ్య ఇరుక్కుంది. బ్రిటన్‌లో సింగిల్‌గా 25వ స్థానం దాటలేదు. 'టూ ఫర్ ద ప్రైస్ ఆఫ్ వన్' బ్యోర్న్ పాడిన హాస్య కథ, ఒంటరి రైల్వే ఉద్యోగి ఒకడు పత్రికలో ప్రకటన చూసి ఫోను చేస్తాడు. చివర బ్యాండు మేళం కూడా వస్తుంది. దాన్ని దాటేయాలనిపిస్తే దాటేయండి, పెద్ద నష్టం లేదు.

చివరి పాట 'లైక్ యాన్ ఏంజెల్ పాసింగ్ త్రూ మై రూమ్'ను మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనే వినాలి. ఫోన్ స్పీకర్‌లో సగం పోతుంది. గడియారం టిక్కుటిక్కు, మ్యూజిక్ బాక్స్ లాంటి సింథసైజర్, ఫ్రీదా. డ్రమ్ములు లేవు, బేస్ లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే గొంతు ఉన్న అబ్బా పాట ఇదొక్కటే. రెండో గొంతు ఎక్కడ కలుస్తుందా అని ఎనిమిది పాటలుగా కాచుకున్న చెవికి ఇక్కడ ఆ గొంతు రాదు. అలా కాచుకోకుండా విన్నవాళ్లకు ఇది ఏదో జోలపాటలా ఉందని అనిపించి ఊరుకుంటుంది. 2012 డీలక్స్ ఎడిషన్‌లో ఈ పాట డెమోలన్నీ (తుదిరూపానికి ముందు చేసిన నమూనా రికార్డింగులు) గుదిగుచ్చిన తొమ్మిది నిమిషాల ట్రాక్ ఉంది. ఇదే వరసకు ఎన్ని రకాల హంగులు తొడిగి చూసి, చివరికి అన్నీ విప్పేశారో అందులో వినవచ్చు. ఆల్బమ్ బాగా అలవాటయ్యాకే అది వినండి.

ఇది ఎక్కాక వినాల్సింది 1982 ఆగస్టులో రికార్డు చేసిన 'ద డే బిఫోర్ యూ కేమ్'. అగ్నెతా ఒక సాదాసీదా రోజును గంటల వారీగా చెప్పుకుంటూ పోతుంది, ఫ్రీదా గొంతు వెనక ఆలాపనగా మాత్రమే ఉంటుంది. 'ఐ లెట్ ద మ్యూజిక్ స్పీక్' నచ్చినవాళ్లు బెన్నీ, బ్యోర్న్ 1984లో గీత రచయిత టిమ్ రైస్‌తో కలిసి చేసిన సంగీత నాటకం 'చెస్' వైపు వెళ్లండి, ఆ పాటలోని నాటకపు ధోరణి అక్కడ పూర్తిగా విప్పారింది. 2021 నాటి అబ్బా ఆల్బమ్ 'వాయేజ్'ను మాత్రం దీని వెంటనే వినవద్దు. మధ్యలో నలభై ఏళ్లున్నాయి, గొంతులు కిందికి దిగాయి, రెంటినీ పక్కపక్కన పెడితే దానికి అన్యాయం జరుగుతుంది.