తడి ఇచ్చినా చెరకు వాడుతోందా? ముందు తవ్వి చూడండి

ప్రశ్న: మాది కార్శి చెరకండి (నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే తోట), మూడు కోతలు అయిపోయాయి. ఇదివరకు తడి ఇస్తే కాలువ చివరికి నీళ్లు చేరడానికి చాలాసేపు పట్టేది, ఇప్పుడేమో చకచకా చివరికెళ్లిపోయి అక్కడ మర్నాటిదాకా నిలబడుతున్నాయి, అయినా నాలుగు రోజులకే ఆకులు చుట్టుకుపోతున్నాయి. నీళ్లు ఎక్కువ పెట్టాలా, జిప్సం చల్లాలా, సబ్‌సాయిలర్ (లోతు నేలని చీల్చే నాగలి) వేయించాలా?

జవాబు: ఆగండి, మూడిట్లో ఏదీ ఇప్పుడే వద్దు. మీరు చెప్పేదాన్ని బట్టి నేల గట్టిపడిపోయినట్టుంది, కోత టైంలో లోడు ట్రాక్టర్లు తడి నేల మీద తిరిగుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. కార్శి తోటలో లోతు దుక్కి ఉండదు కదా, ఏటా తొక్కిన తొక్కుడంతా అలాగే పేరుకుపోతుంది. ముందు నలిగేది మట్టిలోని పెద్ద రంధ్రాలే, నీళ్లు దిగేదీ ఎక్కువగా వాటిలోంచే. సన్న గొట్టం లాంటి రంధ్రం వెడల్పు సగమైతే దాంట్లోంచి పారే నీళ్లు సగం కావండీ, 16వ వంతు అయిపోతాయి! అందుకే పైపైన కొంచెం బిగిసినా నీళ్లు లోపలికి దిగకుండా పారిపోతాయి.

టైరు దారికి అడ్డంగా రెండడుగుల గొయ్యి తీసి చూడండి. మట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడి, వేర్లు కిందకి దిగకుండా ఒక లెవెల్ దగ్గర పక్కకి తిరిగిపోతే అదే గట్టిపొర. ఇంకా నమ్మకం కుదరకపోతే వెడల్పాటి పైపు ముక్కలు మూడు తీసుకుని టైరు దారిలో ఒకటి, బోదె మీద ఒకటి, బండి ఎప్పుడూ తొక్కని మూల ఒకటి కొంచెం దిగ్గొట్టి, ఒకే ఎత్తున నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతున్నాయో చూడండి. నల్లరేగడి అయితే పగుళ్లు మూసుకున్నాకే చెయ్యాలి, లేకపోతే నీళ్లన్నీ పగుళ్లలోకి పోయి నేల భేషుగ్గా ఉందనిపిస్తుంది. బంకనేలలో మామూలుగానే గంటకి 1–5 మిల్లీమీటర్లే ఇంకుతాయి, కాబట్టి పక్కూరి ఇసుక నేలతో పోల్చుకోకండి, మీ పొలంలో మూడు చోట్లకీ తేడా ఎంతో చూసుకోండి.

జిప్సం చౌడు నేలకి మందు, టైరు తొక్కుడికి కాదు, మట్టి పరీక్షలో సోడియం ఎక్కువని తేలితేనే వెయ్యండి. సబ్‌సాయిలర్ ఈ కార్శి తీసేసాక, గట్టిపొర దాకా నేల బాగా ఆరాకే. తడి మీద వేస్తే మట్టి పగలదు, ఊరికే చీలిక పడి పక్కలు మెత్తుకుపోతాయి, డీజిల్ దండగ. ప్రస్తుతానికి కాలువలో నీటి జోరు తగ్గించి ఎక్కువసేపు పారనివ్వండి, కోతలో మిగిలిన చెరకాకు చెత్త తగలబెట్టకుండా చాళ్లలో పరిస్తే నీళ్లు కాస్త నిలదొక్కుకుని దిగుతాయి.

అసలు పని బండి దారి దగ్గరుంది. నష్టంలో ఎక్కువ భాగం మొదటిసారి తొక్కినప్పుడే జరిగిపోతుంది, అందుకని పొలమంతా కొంచెం కొంచెం తొక్కించే కంటే ఎప్పుడూ అవే దారుల్లో తిప్పడం మేలు. టైర్లలో గాలి తగ్గిస్తే పై మట్టికి మంచిదే కానీ లోతుకి దిగే దెబ్బ ఇరుసు మీద బరువుది, లోడు తగ్గించాల్సిందే. చాళ్ల మధ్య మూడడుగులే ఉంటే టైరు మోళ్ల మీదికెక్కక మానదు, వచ్చే నాటుకి 5 అడుగులకి మార్చండి.

ప్రశ్న: డ్రిప్ పెట్టేస్తే ఈ గొడవ ఉండదా?

జవాబు: కొంతవరకే. నీళ్లు మెల్లగా పడతాయి కాబట్టి పారిపోవడం తగ్గుతుంది, కానీ గట్టిపొర కిందకి వేరూ దిగదు, గాలీ ఆడదు. లైను మాత్రం టైరు దారిలో కాకుండా మొక్క వరస పక్కనే వేయించండి.