గోదావరి వరదకు భద్రాచలంలో మూడో హెచ్చరిక ఇచ్చినా ధవళేశ్వరంలో ఇంకా మొదటిదే ఎందుకు? లంకలో ఉంటున్న, నడక కష్టమైన అత్తగారిని ఎప్పుడు తీసుకురావాలో తేలక మీరు అడిగిన ప్రశ్న ఇది.

మీరు పోలుస్తున్నవి రెండు వేర్వేరు కొలతలు. భద్రాచలం అడుగులు, ధవళేశ్వరం అడుగులు ఒకటి కావు, అందుకే తేడా కనిపిస్తోంది.

1. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది.
2. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. మీ అత్తగారి లంకకు పనికొచ్చేవి ఇవే.
3. చాలామంది వదిలేసేది గోదావరి ఉపనది శబరిని. అది భద్రాచలం దాటాక కూనవరం దగ్గర కలుస్తుంది, కాబట్టి భద్రాచలం లెక్కలో శబరి నీరు ఉండదు. భద్రాచలంలో తగ్గుతోందని విని ఊపిరి పీల్చుకోకండి. శబరి మీద కుంట దగ్గర మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా చూడండి. కేంద్ర జల సంఘం వరద అంచనాల్లో అది ఉంటుంది. భద్రాచలంలోనూ కుంటలోనూ పెరుగుతుంటే, ధవళేశ్వరంలో అంకె ఇప్పుడు చిన్నగా ఉన్నా సర్దుకోవడం మొదలుపెట్టాలి. పైనుంచి నీళ్లు దిగడానికి గంటలు పడుతుంది, ఆ గంటలే మన చేతిలో ఉన్న సమయం.
4. హెచ్చరిక నంబరు బ్యారేజీ మట్టానికే గాని మీ దారికి కాదు. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మూడో హెచ్చరిక దాకా ఆగదు, చాలా ముందే మునుగుతుంది.

అత్తగారికి నడక కష్టమన్నారు కదా. టెన్షన్ పడుతూ మూడో హెచ్చరిక కోసం చూడొద్దు, కాజ్‌వే తేలి ఉండగానే, పగటిపూటే తీసుకొచ్చేయండి. మందులు, ఆధార్, పాస్‌బుక్కు ఒకే సంచిలో పెట్టించండి. పడవ కావాల్సి వస్తే 1070కి ఫోన్ చేయండి.