మా కంపెనీని వేరేవాళ్లు కొన్నారు. పని గంటలు, జీతం తగ్గిస్తామంటున్నారు. ఒప్పుకోక తప్పదా?

సంతకం మాత్రం పెట్టకండి. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

మా సంస్థ చేతులు మారినప్పుడు కొత్త యాజమాన్యం మొదట మీటింగ్ పెట్టి “మనమంతా ఒకే కుటుంబం” అంది. ఆ మాట వింటే నాకు టెన్షనే. కొన్నాళ్లకే ఒక్కొక్కరినీ గదిలోకి పిలవడం మొదలైంది. ఎనిమిది గంటల పని ఐదుకు దించారు, జీతం కూడా ఆ లెక్కనే. కాగితం చివర “ఇష్టపూర్వకంగా అంగీకరిస్తున్నాను” అని ముందే అచ్చేసి ఉంది.

నాకంటే ముందు అకౌంట్స్‌లో చేసే పెద్దావిడ వెళ్లారు. అందరం అక్కా అనేవాళ్లం. తలుపు తీసే ఉంది కాబట్టి అంతా వినబడింది.

“ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్.”

“చదవనివ్వు బాబూ.”

కళ్లజోడు పెట్టుకుని ప్రతి లైనూ వేలు పెట్టి చదివారు. చివరి వాక్యం కొట్టేసి, కింద “కాగితం అందింది. పని గంటల తగ్గింపుకు నేను ఒప్పుకోవడం లేదు” అని రాసి, తేదీ వేసి, ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు.

“అలా రాయకూడదండీ!” అన్నాడు హెచ్‌ఆర్ కుర్రాడు.

“ఇష్టపూర్వకంగా అన్నారుగా. నా ఇష్టం ఇదీ.”

తర్వాత నేనూ అదే రాశాను. చివరికి అలా రాసినవాళ్లకే పాత జీతం నిలిచింది. దానికి కారణం ఆ రెండు ముక్కలే అని నా గట్టి నమ్మకం.

చట్టం సంగతికొస్తే, ఇండియాలో 1947 పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 9ఏ ప్రకారం కార్మికుల పని గంటలు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసివ్వాల్సి ఉండేది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇది ఉంది. సంస్థ చేతులు మారాక షరతులు మునుపటికన్నా తగ్గితే, ఏడాది సర్వీసు నిండినవాళ్లకు, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం లెక్కన పరిహారం రావాలి. మేనేజర్లకు ఇవి వర్తించవు. బ్రిటన్‌లో సంస్థ చేతులు మారినప్పుడు ఉద్యోగులను కాపాడే 2006 నాటి ట్యూపీ (TUPE) నిబంధనల ప్రకారం, యాజమాన్యం మారడమే ముఖ్య కారణమైతే ఆ కోత సాధారణంగా చెల్లదు.

నా అసలు కోపం వేరే ఉంది. సంతకం పెట్టినవాళ్లకు గంటలు తగ్గించారు కానీ పని తగ్గించారా? అదే లెడ్జర్లు, అవే గడువులు. మిగిలింది రాత్రి వాట్సాప్‌లో చేయించుకున్నారు. కోత పడేది జీతానికే, గంటలన్నది పైకి చెప్పే సాకు.

మీకు ఇంకా కాగితం రాలేదంటే మంచిదే. ఈలోపు నియామక పత్రం, పాత పే స్లిప్పులు సొంత మెయిల్‌కి పంపుకోండి. ఆఫీసు మెయిల్‌ని నమ్ముకోకండి, వాళ్లు తలుచుకుంటే నిమిషంలో మూసేస్తారు.