నెబ్యులైజర్ పొగ తగ్గితే ముందు కప్పు విప్పి చూడు

మలక్‌పేట, హైదరాబాద్

చి.సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకి ఆయాసం మందుని పొగలా చేసి పీల్పించే మిషన్, అదే నెబ్యులైజర్, పెడితే ఇదివరకు పది నిమిషాల్లో అయిపోయేది, ఇప్పుడు పావుగంట దాటినా కప్పులో మందు అలాగే ఉంటోందని రాశావు. మిషన్ పాతబడింది, కొత్తది కొందామని అల్లుడుగారు అంటున్నారట. కొంచెం ఆగండి. మోటారు చప్పుడు మామూలుగానే ఉండి, ట్యూబు చివర వేలు పెడితే గాలి గట్టిగా తగులుతుంటే మిషన్‌కి ఏమీ కానట్టే. అప్పుడు అనుమానించాల్సింది మందు పోసే కప్పుని.

దాన్ని విప్పి వెలుతురులో చూడు. అడుగున నిలువుగా ఒక ముక్కు, దాని కొసన సూదిమొనంత రంధ్రం ఉంటాయి. గాలి అందులోంచి దూసుకొస్తూ చుట్టూ ఉన్న మందుని పైకి లాగుతుంది. ఆ మందు పైనున్న అడ్డుముక్కకి తగిలి తుంపరగా చిట్లుతుంది. 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపర అయితేనే ఊపిరితిత్తుల లోపలికి దిగుతుంది, అంతకన్నా పెద్దది నోట్లో, గొంతులో ఆగిపోతుంది. రంధ్రం దగ్గర తెల్లటి పొర కట్టిందంటే పొగ పలచబడుతుంది, టైము పెరుగుతుంది. పొగ వస్తూనే ఉంటుంది కాబట్టి మందు అందుతోందనే అనుకుంటాం.

ఆ పొర రెండు రకాలు. ఒకటి మందుదే. బాబుకి పెట్టే బుడెసొనైడ్ మందు నీళ్లలో కరగదు, సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది. అందుకే రెస్ప్యూల్, అంటే మందుండే చిన్న ప్లాస్టిక్ గొట్టం, విరిచే ముందు మెల్లగా ఊపమంటారు. కప్పు కడగకుండా వదిలేస్తే ఆ పొడి, మందులో కలిపే సెలైన్ నీళ్లలోని ఉప్పు కలిసి ఎండి అతుక్కుపోతాయి. రెండోది నీళ్లది. మీ అపార్ట్‌మెంట్ ట్యాంకులో నల్లా నీళ్లూ బోరు నీళ్లూ కలిసే వస్తాయి కదా, గీజర్ రాడ్డుకి పట్టే సున్నమే ఇక్కడా పడుతుంది.

గుండుసూదితో పొడవకు. చాలామంది చేసే తప్పు ఇదే. రంధ్రం కాస్త సాగినా తుంపర లావవుతుంది, ఇక ఆ కప్పు పనికిరాదు. తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి అందులో అరగంట నానబెట్టు. సున్నం వదులుతుంది. తర్వాత వాసన పోయేదాకా కడుగు. వెనిగర్ సున్నానికే. క్రిములన్నీ దానితో చావవు, వాటి కోసం మరిగించాలి.

పెట్టిన ప్రతిసారీ కప్పు అడుగున కొద్దిగా మందు మిగులుతుంది. అది మామూలే, ఒక ఎం.ఎల్. దాకా ఉండొచ్చు. పారబోసెయ్. తర్వాతి డోసు దానిమీద పోయకు. ట్యూబు తీసి, కప్పు, అడ్డుముక్క, మాస్కు విడదీసి, గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడుగు. పీచు వద్దు, గీతలు పడితే క్రిములకి అదే ఇల్లు. దులిపి, ఉతికిన నూలు గుడ్డ మీద బోర్లించు. ముక్కులోని తడి త్వరగా ఆరాలంటే ఖాళీ కప్పుకి ట్యూబు తగిలించి ఒక నిమిషం మిషన్ నడుపు. తడి కప్పుని డబ్బాలో పెట్టి మూత వేయడం అన్నిటికన్నా చెడ్డ పని, వానాకాలంలో మరీ.

రోజుకొకసారి కప్పు, అడ్డుముక్క 5 నిమిషాలు మరిగించు. కూడా ఇచ్చిన పుస్తకంలో మరిగించవచ్చని ఉంటేనే. గిన్నె అడుగున గుడ్డ పరిస్తే ప్లాస్టిక్ వేడికి అంటుకుని వంకరపోదు. మరిగించడానికి ఆర్వో నీళ్లు వాడు, బోరు నీళ్లయితే వదిలించిన సున్నం మళ్లీ పడుతుంది. మాస్కు, ట్యూబు మాత్రం మరిగించకు.

ట్యూబు లోపల నీళ్లు పోయనే కూడదు. చెమట చుక్కల్లా కనిపిస్తే కప్పు తీసేసి నాలుగైదు నిమిషాలు ఒట్టి గాలి నడుపు. లోపల నల్లమచ్చలు కనిపిస్తే పారేసి కొత్తది తెచ్చుకో.

మిషన్ పక్కన చిన్న మూత కింద బిళ్లంత ఫిల్టర్ ఉంటుంది. మీ గల్లీలో బిల్డింగులు కడుతున్నన్నాళ్లు 15 రోజులకోసారి తీసి చూడు. తెలుపు బూడిదరంగుకి తిరిగితే మార్చెయ్. కడగొచ్చని పుస్తకంలో లేకపోతే కడగకు, తడిసిన ఫిల్టర్ గాలిని ఆపేస్తుంది. మిషన్‌ని పరుపు మీద పెట్టొద్దు, కింది గాలి రంధ్రాలు మూసుకుని వేడెక్కుతుంది.

కొత్త కప్పు తెచ్చిన రోజే 3 ఎం.ఎల్. నార్మల్ సెలైన్ పోసి, చిటపటమని శబ్దం వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి, ఆ అంకె మిషన్ వెనక స్కెచ్ పెన్నుతో రాయి. నెలకోసారి అలాగే చూడు. కడిగాక కూడా రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంటే కప్పు మార్చు. సెలైన్ తప్ప వేరే నీళ్లు పోయకు, కాచి చల్లార్చినవైనా సరే.

మీ ఆడపడుచు దగ్గరున్న చేతిలో పట్టే మెష్ రకానికి ఇదంతా వర్తించదు. దాని జల్లెడని వేలితో కూడా ముట్టకూడదు, వాళ్ల పుస్తకంలో ఉన్నట్టే చేయమను.

ఇంకొకటి. మాస్కు ముక్కుకీ నోటికీ ఆనించి పట్టు. దూరంనుంచి పొగ చూపిస్తే మందు గదికి పడుతుంది. బుడెసొనైడ్ అయ్యాక ముఖం తుడిచి, నోరు పుక్కిలింపించు, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. మృగశిర నాడు నాంపల్లిలో చేప మందు వేయిద్దామని మీ అత్తగారు అంటారేమో. పసివాడి గొంతులో బతికున్న కొర్రమీను పిల్లని వేయించడానికి నేనైతే ఒప్పుకోను. ఆవిడతో గొడవ పడకు, డాక్టరు రాసిన మందు మాత్రం ఒక్కపూట కూడా ఆపకు.

డొక్కలు ఎగరేస్తూ, మాట్లాడలేక, పెదాలు నీలంగా మారితే కప్పు సంగతి చూస్తూ కూర్చోకు, 108కి ఫోన్ చెయ్.

వచ్చే ఆదివారం వస్తున్నా. కోఠీలో కప్పు, రెండు ఫిల్టర్లు తీసుకుంటాను. మిషన్ మోడల్ నంబరు అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, ఫోటో తీసి పంపు. మాస్కు పిల్లలదా, పెద్దలదా అన్నదీ చూసి చెప్పు.

మీ పెద్దమ్మ