బృందాన్ని నడపబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఆరోగ్యపు అలవాట్లు మార్చుకోవాలనుకునేవాళ్లు వారం వారం కలిసి మాట్లాడుకునే బృందాన్ని నడిపే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఉత్తరంతో పాటు నువ్వు పంపిన ప్రణాళికనూ చదివాను. ఆహారం, వ్యాయామం, నిద్ర, ఒత్తిడి, ఒక్కొక్కదానికి ముప్పావు గంట ప్రసంగం, చివర పది నిమిషాలు ప్రశ్నలు. నీ శ్రమ కనిపిస్తోంది. అయినా ఒక మాట చెబుతాను, నొచ్చుకోకు. దాన్ని తిరగెయ్. పది నిమిషాలు నువ్వు మాట్లాడు, మిగతాదంతా వాళ్లకు వదిలిపెట్టు.

నడక మంచిదని తెలియక ఎవరూ నీ దగ్గరికి రారు. తెలిసిన సంగతే తమ బతుకులో ఎందుకు ఇమడటం లేదో తేల్చుకోవడానికి వస్తారు. రాత్రి డ్యూటీ చేసే మనిషికి నిద్ర గురించి నువ్వు ఎంత చదివి చెప్పినా, అదే డ్యూటీ చేస్తూ ఏదో ఒక దారి వెతుక్కున్న మరో మనిషి చెప్పే రెండు మాటలకు సాటిరాదు. ఆ ఇద్దరి మధ్య మాట కలపడమే నీ పని. బృంద చికిత్స గురించి విస్తారంగా రాసిన మనోవైద్యుడు ఇర్విన్ యాలోమ్, మనుషులకు మేలు చేసేవాటిలో 'ఈ బాధ నా ఒక్కరిదే కాదు' అన్న ఎరుకనూ చేర్చాడు. మనం చేసేది చికిత్స కాదు. కానీ ఆ ఊరట మన బృందాల్లోనూ పనిచేస్తుంది. అది నీ స్లైడ్ల నుంచి పుట్టదు.

మొదట్లో అందరూ నీ ముఖం చూసే మాట్లాడతారు. ప్రతి ప్రశ్నా నీ మీదికే వస్తుంది, జవాబు నీ నాలుక చివరే ఉంటుంది. ఆపుకో. 'ఇది ఇంకెవరికైనా ఎదురైందా?' అని అడిగి ఊరుకో. ఆ ఊరుకోవడం దగ్గరే చాలామంది కొత్తవాళ్లు తడబడతారు. 1970లలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదులను గమనిస్తే, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. కనీసం 3 సెకన్లు ఆగినచోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే మాట్లాడేవాళ్లు పెరిగారు. పెద్దవాళ్లు తమ శరీరం గురించి నలుగురిలో చెప్పాలంటే ఇంకా ఎక్కువ సమయం కావాలి. నిశ్శబ్దం నీకు ఇబ్బందిగా ఉంటే మనసులో పది లెక్కపెట్టుకో. ఆలోపు ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

వినడం గురించి నీకు శిక్షణలో చెప్పే ఉంటారు. మద్యం సమస్య ఉన్నవారితో పనిచేస్తూ విలియం మిల్లర్ 1983లో వివరించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిని తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచాడు. దాని సారం నాకు అర్థమైనంతవరకు ఇది: మారడానికి కారణాలు నడిపేవాళ్ల నోట కాక, ఆ మనిషి నోటే రావాలి. ఒకామె 'నడవాలనే ఉంటుందండీ, సాయంత్రానికి ఓపిక ఉండదు' అంటుంది. 'అయితే పొద్దున నడవండి' అన్నావా, పొద్దున ఎందుకు కుదరదో ఆమె అయిదు కారణాలు చెబుతుంది. నువ్వే ఆమెను అటు నెట్టావన్నమాట. 'మనసు నడుద్దామంటోంది, ఒళ్లు వద్దంటోంది' అని ఆమె మాటనే తిప్పి చెప్పి ఆగితే, తన దారి తానే వెతుక్కోవడం మొదలుపెడుతుంది. సమాచారం ఇవ్వక తప్పనప్పుడు, వాళ్లకు ఇప్పటికే ఏం తెలుసో అడుగు, చెప్పనా అని అనుమతి తీసుకో, కొద్దిగా చెప్పు, ఎలా అనిపించిందో మళ్లీ అడుగు.

నువ్వు సలహాలు మానేసినా బృందం మానదు. ఒకరు కష్టం చెప్పగానే నలుగురు ఉపాయాలు కురిపిస్తారు. అందుకే మొదటి రోజే 'మీకు జరిగింది చెప్పండి, ఎదుటివారు ఏం చేయాలో చెప్పకండి' అని ఒప్పందం చేసుకో. ఎవరైనా దాటితే, 'మీ విషయంలో ఎలా జరిగిందో చెప్పండి' అని మెల్లగా వెనక్కి తీసుకురా. ప్రతి వారం అరగంట ఒక్కడే మాట్లాడే పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉంటాడు. అతణ్ణి నలుగురిలో ఆపకు, అలాగని భరించనూ వద్దు. ఊపిరి తీసుకునే చోట అందుకుని, అతని మాటల్లో ఒకదాన్ని పేరు పెట్టి మెచ్చుకుని, దాన్నే ప్రశ్నగా మరొకరికి అందించు. మౌనంగా కూర్చునేవాళ్లను పేరు పెట్టి పిలవకు, బెదిరిపోతారు. ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ముందు పక్కవారితో మాట్లాడమను. ఆరోగ్యం పేరుతో తమ పానీయాలూ పొడులూ అమ్ముకోవడానికి వచ్చేవారి విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. మొదటిసారే పక్కకు పిలిచి వద్దని చెప్పు.

అందరి ఎదుటా బరువు చూడటం వద్దు. తగ్గినవారికి చప్పట్లు కొడితే తగ్గనివారు మరుసటి వారం రారు.

గోప్యత గురించి నిజాయితీగా ఉండు. నీ నోట బయటికి పోదని నువ్వు మాట ఇవ్వగలవు, మిగతావారి తరఫున ఇవ్వలేవు. ఆ సంగతి పైకే చెప్పి, అందరి చేతా మాట తీసుకో. ఫోనులో గుంపు పెడితే అక్కడికీ అదే ఒప్పందం వర్తిస్తుంది.

స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ రూపొందించిన దీర్ఘకాలిక వ్యాధుల స్వీయ నిర్వహణ కార్యక్రమంలో నాకు నచ్చినవి రెండున్నాయి. వారానికి రెండున్నర గంటల చొప్పున 6 వారాలు సాగే ఆ తరగతులను ఇద్దరు కలిసి నడుపుతారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు గదిని గమనించవచ్చు కనుక, నువ్వూ ఒక తోడును అడుగు. రెండోది, ప్రతి ఒక్కరూ వారానికి ఒక చిన్న పని ఎంచుకుని, అది చేయగలనన్న నమ్మకానికి 0 నుంచి 10 దాకా అంకె వేసుకుంటారు. 7 కన్నా తక్కువైతే పనినే తగ్గించు, మనిషిని ఉత్సాహపరచడానికి చూడకు. '10 ఎందుకు కాలేదు?' అని కాకుండా, '3 కాకుండా 5 అనడానికి ఏముంది?' అని అడిగి చూడు. ఆ జవాబులో వాళ్ల బలమే బయటపడుతుంది.

వైద్యం జోలికి వెళ్లకు. ఇన్సులిన్ తీసుకునే మనిషి ఇక్కడ విన్నది పట్టుకుని ఒక్కసారిగా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు మాట వస్తే వైద్యుడి దగ్గరికే పంపు. ఎవరైనా ఛాతీ నొప్పి అన్నా, చావాలనిపిస్తోందన్నా ఆ రోజు ప్రణాళిక అక్కడితో ఆగిపోతుంది. నీ తోడు బృందంతో ఉంటుంది, నువ్వు ఆ మనిషితో ఉండి సాయం అందేదాకా కదలకు. ఎవరికి ఫోను చేయాలో ముందే రాసి పెట్టుకో.

కొన్ని వారాలకు విసుగులు, చిన్న పోట్లాటలు మొదలవుతాయి. బృందాలు ఆ దశ దాటే కుదురుకుంటాయని బ్రూస్ టక్‌మన్ 1965లోనే రాశాడు. కంగారుపడి మంచి మాటలతో కప్పెట్టకు. 'ఇక్కడ ఏదో ఇబ్బంది ఉన్నట్టుంది, మాట్లాడుకుందామా?' అను, చాలు.

ఫలితాల గురించి అడిగావు. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. అది ఒక్కొక్కరితో విడిగా చేసిన పని. ఆ పద్ధతిని బృందాలకు మార్చినప్పుడు ఏడాది కార్యక్రమంగా మలిచి, మొదటి 6 నెలల్లోనే కనీసం 16 సమావేశాలు పెట్టారు. నువ్వు అనుకుంటున్న నాలుగు వారాలు పరిచయాలకే చాలవు. నిర్వాహకులను గడువు పెంచమని అడుగు. రానివారికి మర్నాడే ఫోను చెయ్, ఎందుకు రాలేదని నిలదీయడానికి కాదు, మీ కుర్చీ ఖాళీగా ఉందని చెప్పడానికి.

మొదటి సమావేశంలో సభ్యుల అనుమతితో మాటలు రికార్డు చేసి, ఇంటికి వెళ్లాక నువ్వు మాట్లాడిన నిమిషాలు లెక్కపెట్టు. ఆ లెక్క నాకు రాసి పంపు, రెండో సమావేశం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

నీ పెద్దమ్మ