ఆరు వారాలకే వచ్చేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి యూనివర్సిటీలో చేరి ఆరు వారాలైంది. హాస్టల్లో ఉంటోంది. స్కూల్లో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేది. మొన్న మొదటి పరీక్షలో వందకి 41 వచ్చాయి. అప్పటి నుంచి రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడుస్తోంది. ఈ కోర్సు తనకి సరిపడదట, అక్కడ తనకెవరూ లేరట, వచ్చేస్తానంటోంది. తీసుకొచ్చేయమంటారా? – ఒక తల్లి

జవాబు: ఇప్పుడే వద్దండి. కనీసం మొదటి సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా ఆగండి. అలాగని ‘అందరూ ఉండటం లేదా, సర్దుకో’ అని ఫోన్ పెట్టేయకండి. మీ అమ్మాయి ఒకే ఏడుపులో మూడు సంగతులు చెబుతోంది: మార్కులు తగ్గాయి, తోడు లేదు, కోర్సు నచ్చలేదు. మూడూ ముద్దగా కలిసిపోతే ఇంటికి రావడం ఒక్కటే దారిగా కనిపిస్తుంది. అందుకే ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.

ముందు ఆ 41 సంగతి. స్కూల్లో టీచర్ పాఠం చెప్పి, మర్నాడు అదే మళ్లీ అడిగి, వారం వారం పరీక్ష పెట్టి, తప్పులు దిద్ది ఇచ్చేవారు. అంటే చదువులో సగం పని మీ అమ్మాయికి తెలియకుండానే ఇంకొకరు చేసిపెట్టారు. ఇప్పుడు ఆ సగం ఒక్కసారిగా తన నెత్తిన పడింది. పడిందని చెప్పేవాళ్లు కూడా లేరు. టైంటేబుల్ చూస్తే రోజుకి మూడు నాలుగు క్లాసులు, మధ్యలో బోలెడు ఖాళీ. ఆ ఖాళీని తీరిక అనుకున్న దగ్గరే మొదటి ఏడాది పిల్లలు చాలామంది దెబ్బతింటారు. యూరప్ క్రెడిట్ల పద్ధతిలో ఈ లెక్క కాగితం మీదే ఉంటుంది: ఏడాదికి 60 క్రెడిట్లు (చదువు పనిని కొలిచే యూనిట్లు), ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. మొత్తం 1500 నుంచి 1800 గంటలు. అందులో క్లాసులో కూర్చునేది కొంతే, మిగతాది సొంతంగా చదువుకోవడం, రాసుకోవడం. మీ అమ్మాయి చదివే చోట అంకెలు వేరుగా ఉండొచ్చు గానీ తీరు ఇదే.

ఇంకో చిక్కు, చదివే పద్ధతి. స్కూల్లో ముందుండే పిల్లలు చాలామంది ఒకే పాఠాన్ని నాలుగైదు సార్లు చదివి నెగ్గుకొస్తారు. ఇలా చదివితే అప్పటికి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని విద్యార్థులతోనే పరీక్షించారు. కొందరు పాఠాన్ని పదే పదే చదివారు. ఇంకొందరు కాసేపే చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలాగి అడిగితే పదే పదే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది. చూడకుండా రాసినవాళ్లకి సుమారు 60 శాతం గుర్తుంటే, చదువుతూ పోయినవాళ్లకి మిగిలింది 40 శాతమే. ‘రాత్రి అంతా వచ్చు, హాల్లో ఏమీ గుర్తు రాలేదు’ అని మీ అమ్మాయి అంటోందా? అయితే జబ్బు ఇదే.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఏ రోజు క్లాసు ఆ సాయంత్రమే పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాసుకోవాలి. రాయలేక ఆగిపోయిన చోటు గుర్తు పెట్టుకోవాలి. ముఖ్యంగా, ఆ 41 మార్కుల ఆన్సర్ పేపర్ పట్టుకుని ఆ సబ్జెక్టు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎక్కడ పోయాయో అడగాలి. మార్కులు కలపమని కాదు సుమా. మొదటి ఏడాదిలో ఈ ఒక్క పని చేయడానికే పిల్లలు వణికిపోతారు, తెలివితక్కువదాన్ని అనుకుంటారేమోనని. అడగనివాళ్లకంటే అడిగినవాళ్లే గుర్తుంటారని నా అనుభవం.

తోడు సంగతి. ఎవరూ లేరన్నది నిజమే అయ్యుంటుంది, ఎందుకంటే ఆరు వారాలు తక్కువ. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైనే కలిసి గడపాలని జెఫ్రీ హాల్ అనే అమెరికా పరిశోధకుడు అంచనా వేశారు. ఎవరితోనైనా రోజుకి ఒక గంట కూర్చుని తిన్నా, 50 గంటలకి ఏడు వారాలు పడుతుంది! ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. రాత్రి ఫోన్ టైమ్ మార్చండి. హాస్టల్లో పిల్లలంతా కబుర్లలో పడేది ఆ వేళకే. ఆ గంట తను గదిలో మీతో ఉంటే బయట స్నేహాలు చేజారిపోతాయి. సాయంత్రం పది నిమిషాలు మాట్లాడండి. ‘తిన్నావా, ఏడ్చావా’ అని కాకుండా, ఈ రోజు ఎవరి పక్కన కూర్చున్నావని అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఓపిక పట్టొద్దు. రెండు వారాలుగా సరిగ్గా నిద్రపోకపోయినా, తినకపోయినా, క్లాసులు మానేసి గదిలోంచి కదలకపోయినా వెళ్లి చూడండి, అక్కడి కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి. ‘బతకాలని లేదు’ లాంటి మాట వస్తే ఆ రోజే బయల్దేరండి. మీరు చేరేలోపు తనని ఒంటరిగా ఉంచొద్దని హాస్టల్ వాళ్లకి చెప్పండి. అప్పుడు సెమిస్టర్ లెక్క చూడొద్దు.

ఇక కోర్సు. ఈ మాట 41 రాకముందు కూడా అనేదా, వచ్చాకే మొదలైందా? వచ్చాకే అయితే అది కోర్సు మీద కోపం కాకపోవచ్చు. ముందు నుంచీ ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అయిష్టంగా నాలుగేళ్లు లాగిన పిల్లల్ని చాలామందినే చూశాను. కోర్సు మారడానికి ఆఖరి తేదీ ఎప్పుడో, ఇప్పటి క్రెడిట్లలో ఎన్ని చెల్లుతాయో మీ అమ్మాయినే వెళ్లి ఆఫీసులో కనుక్కోమనండి, మీరు ఫోన్ చేయకండి. ఆ తేదీ సెమిస్టర్ పరీక్షలకంటే ముందే ఉంటే, దానికి వారం ముందు ఇంట్లోవాళ్లంతా తనతో కూర్చుని మాట్లాడుకోండి.