ఇసుకలోని నల్లరేణువులు, ఆరు మందుల సీసాలు

మూడేళ్ల పాపకు స్పర్శ, శబ్దం, బరువు వంటివి తెలిసే ఆటలు ఇంట్లోనే తయారుచేయాలంటే ఏయే సామాన్లు కొనాలని మీరు అడిగారు. ఏమీ కొనవద్దన్నదే నా సమాధానం. నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తారు కనుక రెండేళ్లుగా మా మనవరాలు పగటిపూట విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో నా దగ్గరే ఉంటోంది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మొదట నేనూ మీలాగే ఆలోచించి, ఎవరో చూపించిన వీడియో ప్రకారం రెండు కేజీల బియ్యానికి ఏడు రంగులు అద్ది, అందులో గవ్వలు, ప్లాస్టిక్ జంతువులు, గరిటెలు వేసి పెద్ద టబ్బు నింపాను. అది జూలై నెల. విశాఖ వానాకాలపు గాలిలో తడి బియ్యం ఆరుతుందనుకోవడం నా తెలివితక్కువతనం. నాలుగో రోజుకు బియ్యం ముక్కవాసన పట్టింది. పాప అంతకు ముందే, మొదటి రోజునే, రెండు నిమిషాల్లో రంగులన్నీ కలిపేసి, టబ్బు బోర్లించి వెళ్లిపోయింది. తినే గింజను పారబోయించానని మా ఆవిడ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, ఆవిడ కోపంలో న్యాయం ఉంది.

తప్పు బియ్యంలో లేదు, ఒక్క టబ్బులో పది విషయాలు కుక్కడంలో ఉంది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి పద్ధతిలో శబ్దాల డబ్బాలు ఉంటాయి. ఒక జట్టులోని డబ్బాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఊపితే వచ్చే చప్పుడు ఒక్కటే వేరు. ఆ సూత్రం తెలిశాక నేను ఖాళీ అయిన ఆరు మందుల సీసాలను కడిగి ఆరబెట్టి, రెండింటిలో బొంబాయి రవ్వ, రెండింటిలో మినుములు, రెండింటిలో చింతపిక్కలు మూడోవంతు వరకు పోసి, లోపలిది కనబడకుండా ఒకే రకం కాగితం చుట్టి, మూతలను ఎం-సీల్‌తో బిగించాను. మూతలు బిగించడం మాత్రం మరవకండి, ఈ వయసు పిల్లలకు మినపగింజ దొరికితే అది నేరుగా ముక్కులోకి వెళ్తుంది. పాప ఆ సీసాలను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, జతలు కలిపి, “ఇవి అక్కాచెల్లెళ్లు” అని పక్కపక్కన నిలబెట్టింది.

ఇక ఇసుక సంగతి. లాసన్స్ బే సముద్రపు ఒడ్డు నుంచి చిన్న డబ్బాడు ఇసుక తెచ్చి, ఐదుసార్లు మంచినీళ్లతో కడిగాను, ఎందుకంటే ఉప్పు మిగిలితే అది గాలిలోని చెమ్మను పీల్చుకుని ఎన్నటికీ ఆరదు. మేడమీద ఎండబెట్టి, జల్లించి, వెడల్పాటి పళ్లెంలో పోశాను. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి పాప చేతికిచ్చాను. దాన్ని ఇసుకలో ఒక్కసారి తిప్పి పైకెత్తేసరికి, అడుగున నల్లటి రేణువులు వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని నిలబడ్డాయి. “తాతా, చీమలు!” అని కేక వేసింది. మన విశాఖ, భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి, ఇనుము ఉన్న బరువైన ఖనిజాలు ఉన్నాయని, అయస్కాంతానికి అంటుకున్నది ముఖ్యంగా మాగ్నటైటేనని చెప్పబోయి, అతికష్టం మీద నోరు మూసుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో ఇనుము గురించి మాట్లాడకుండా అంతసేపు కూర్చున్న సందర్భం మరొకటి లేదు. కవరు ఒలిస్తే రేణువులు రాలిపోతాయని ఆమె తానే కనిపెట్టి, వాటిని ఒక గ్లాసులోకి రాల్చడం మొదలుపెట్టింది. నాలుగో రోజుకు చిన్న కాఫీ గ్లాసులో సగం నిండింది. అలాంటిదే మరో గ్లాసులో సగానికి తెల్ల ఇసుక పోసుకుని, రెండు అరచేతుల్లో రెండూ పట్టుకుని కాసేపు కదలకుండా నిలబడి, “నల్లది బరువు” అంది. ఆ మాట నేను నేర్పలేదు.

ఇక్కడే మా పాప వెళ్లే ప్లేస్కూలు గురించి ఒక మాట చెప్పాలి. ప్రతి ఇంటి నుంచి ఒక స్పర్శ పలక చేసి పంపమన్నారు. దూది, గరుకు కాగితం, గోనెపట్టా అట్టకు అంటిస్తూ మా కోడలు రాత్రి పన్నెండింటి దాకా మేలుకుంది. తీరా ప్రదర్శనలో వాటిని గోడకు ఎత్తున తగిలించి, ముట్టుకోరాదని కింద రాసిపెట్టారు. నేటి పిల్లలకు పెన్సిలు పట్టు కుదరకపోవడానికి ఇలాంటి వేడుకలే కారణమని నా గట్టి నమ్మకం.

నీళ్లలో ఉబ్బే రంగురంగుల జెల్ గోలీలను మాత్రం ఎంత ముద్దుగా ఉన్నా ఇంట్లోకి రానివ్వకండి, మింగితే అవి పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. ఆ జారుడు తెలియాలంటే ఉడికించి చల్లార్చిన సగ్గుబియ్యం చాలు, మా ఆవిడకు కూడా దానిమీద అభ్యంతరం లేదు, మిగిలితే పాయసం చేస్తుంది. అయస్కాంతం కూడా పిడికిట్లో పట్టనంత పెద్దదే ఇవ్వండి. బొత్తాల వంటి చిన్నవి రెండు కడుపులోకి వెళ్తే పేగు గోడలకు ఇటూ అటూ నిలిచి ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలోని పేగును చిల్లు పొడుస్తాయి. రేడియోలు బాగుచేసేవారిని అడిగితే పాడైన స్పీకరు ఊరకే ఇస్తారు, నేనూ అలాగే రెండోది తెచ్చాను, ఎందుకంటే మొదటిదాన్ని పాప ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు.